చీర బరువు తీసేసి

పట్నంబజారులో మా నాన్న కొట్టు
మనిషి పక్కకు తిరిగితేనే పట్టేది.
ఒక దాకలి, మూడు ఆకురాళ్లు, సీసం కరిగించే గరిటె,
మేకులకు వేలాడే ఇత్తడి సిబ్బెలు.
బోర్డు లేదు.
కాటాల ఎజ్రయ్య ఎక్కడంటే
చుట్టుగుంట యార్డులో హమాలీలు కూడా
మూట దించకుండానే గడ్డంతో దారి చూపేవాళ్లు.

షట్టరెత్తాక ముందు ప్రార్థన.
సరిగ్గా అప్పుడే ఏదో మిర్చి లారీ ఆ వీధికి అడ్డంపడేది.
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య
మా అందరి పేర్లూ వరసగా దేవుడికి ఒప్పజెప్పి,
బాకీ ఎగ్గొట్టిన పప్పులమిల్లు ఆసామిని కూడా ఒకసారి గుర్తుచేసి,
ఆమెన్‌తో కలిపి ఆఖరి తుమ్ము.
ఆ తర్వాతే టీ.

అమ్మ ఆయన్ని కూరగాయలకి తీసుకెళ్లేది కాదు.
బెండకాయలు చూడడు, ముల్లు చూస్తాడు.
అమ్మేవాళ్ల చేతులు వణికేవి.
తిరిగొస్తూ తనే సిగ్గుపడి
దీవెనమ్మకి మల్లెలు కొనేవాడు,
మూర ఎంతుందో చూడకుండా.

మంచి శుక్రవారం, సిలువ మీది ఏడు మాటల్లో
ఐదోది ఇరవై ఏడేళ్లు ఆయనదే.
దాహం మాట.
మిగతావాళ్లు అరగంటకి తగ్గేవాళ్లు కాదు.
నాన్న నాలుగు నిమిషాలు.
వేసంగిలో మూటలు మోసేవాడి నాలుక
ఎలా పిడచకడుతుందో చెప్పి దిగొచ్చేసేవాడు.
పాస్టరుగారికి అది ప్రసంగంలా అనిపించేది కాదు.
చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు మాత్రం
కొంగుతో కళ్లొత్తుకునేవాళ్లు.

పుట్టిన పిల్లని
అమ్మ పాతచీరలో చుట్టి, సిబ్బెలో పెట్టి తూచేవాడట.
చీర బరువు తీసేసి రాసుకున్నాడు,
నల్లట్ట గ్రంథం చివరి కాగితం మీద:
అక్క రెండూ తొమ్మిది వందలు.
నేను రెండుంబావు.
ఫిలేమోనుని ముట్టనివ్వలేదు నర్సులు.
ఆసుపత్రి చెప్పిన అంకెనే నమ్మాల్సొచ్చింది:
ఒకటీ మూడు వందలు.
అక్కడ పెన్సిలు ముక్క విరిగిన మచ్చ.

గాజుపెట్టెలో తమ్ముడు పదహారు రోజులున్నాడు.
అందులో ఒక రాత్రి
ఒక కొట్టాయన కిలోరాళ్ల అడుగున నాన్న సీసం తవ్వాడు,
రాయికి ముప్పై గ్రాములు.
మాకెవరికీ తెలీదు. అమ్మకి కూడా.
మూడు నెలలకి, పిలవకుండానే తనే వెళ్లి,
ఆ రాళ్లు లాక్కుని, సొంత డబ్బుతో కొత్తవి పెట్టొచ్చాడు.
కొట్టాయన నడివీధిలో తిట్టాడు.
నాన్న చెప్పులు మర్చిపోయి ఇంటికొచ్చాడు.
ఆ చెప్పుల సంగతి చెప్పుకుని ఏళ్ల తరబడి నవ్వాం.
ఎందుకు మర్చిపోయాడో మాత్రం
పోయినేడు వానల్లో, ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి
నాకొక్కదానికే చెప్పాడు.

"పాపమే," అన్నాడు.
"అదే రాత్రి మళ్లీ వస్తే మళ్లీ తవ్వుతానమ్మా.
ఒప్పుకోలు అక్కడే ఆగిపోతోంది."
నాకేం అనాలో తెలీలేదు.
నిమ్మకాయ సోడా తెమ్మంటావా అన్నాను.

తొంభై కిలోల ఫిలేమోను
పెట్టెకి తలవైపు భుజం పట్టాడు.
సంగడిగుంట మలుపు దగ్గర మార్చుకోమంటే మార్చుకోలేదు.
వాడికి ఇంకా చెప్పలేదు నేను.

కొట్టులో ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు.
ఐదు కిలోల రాయి మా వంటింటి తలుపు
గాలికి కొట్టుకోకుండా కాస్తోంది.
దాని నెత్తిన ఏటేటా పడ్డ సర్కారు ముద్రలు
ఒకదాని మీదొకటి, చదవడానికి రావు.

రాత్రి ప్రార్థనలో అమ్మ పేర్లన్నీ చెప్తుంది,
పప్పులమిల్లు ఆసామిని, ఆయన మనవళ్లతో సహా.
ఆమెన్ ముందు కాస్త ఆగుతుంది.
మేం కళ్లు తెరవం.